పెర్ఫ్ స్టాక్‌లు మడత పెట్టే ఆక్ స్క్రిప్టు: మొత్తం కలవట్లేదు, ఎక్కడ పోతున్నాయి?

మడివాళ మల్టీథ్రెడ్ (బెంగళూరు)

అన్నలూ, అక్కలూ, ఒక లెక్క తేలట్లేదు, చూసి పెట్టండి.

16 కోర్ల మెషిన్, ఉబుంటు 22.04, సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ప్రైసింగ్ సర్వీసు. సాయంత్రం ఏడు దాటితే సీపీయూ 90 శాతం మీదే ఉంటోంది. ఆ టైములో 60 సెకన్లు, 99 హెర్ట్జ్ (ఒక్కో కోర్‌కి సెకనుకి 99 శాంపిళ్లు), కాల్‌గ్రాఫ్ డ్వార్ఫ్ (డీబగ్ సమాచారంతో స్టాక్ విప్పే పద్ధతి) పెట్టి మెషిన్ మొత్తానికి పెర్ఫ్ (లినక్స్ ప్రొఫైలర్) రికార్డ్ చేశా. ఒక్కో శాంపిల్‌లో ఆ క్షణం నడుస్తున్న ఫంక్షన్, దాన్ని పిలిచినవాటి వరస, అంటే స్టాక్, ఉంటుంది. ఫైలు 740 ఎంబీ తేలింది. జంప్ హోస్ట్ (మధ్యలో ఉండే గేటు మెషిన్) మీదుగా ఎస్ఎస్‌హెచ్ తప్ప ఆ సర్వర్‌కి వేరే దారి లేదు, ఫైలు బయటికి తేనివ్వరు. ఫ్లేమ్ గ్రాఫ్ (స్టాక్‌లని బొమ్మగా గీసేది) మాట పక్కన పెట్టండి, నాకు కావాల్సింది మెయిల్లో అతికించగలిగే ఇరవై లైన్ల టెక్స్ట్. అందుకని పెర్ఫ్ స్క్రిప్ట్ అవుట్‌పుట్‌ని ఆక్ (టెక్స్ట్‌ని లైను లైనుగా చీల్చే చిన్న భాష) లోకి పంపి, ఒక్కో స్టాక్‌ని సెమికోలన్లతో ఒకే లైనుగా మడిచి, ఒకేలాంటివి కూడి, సార్ట్ చేస్తున్నా.

పెర్ఫ్ రిపోర్ట్ 88,412 శాంపిళ్లు అంటోంది. నా మడత ఫైల్లో చివరి అంకెలన్నీ కూడితే 71,930. మడిచాక లైన్లు తగ్గాలి కదా, 64 వేల లైన్లు ఉన్నాయి, అంటే దాదాపు ఏ రెండు స్టాక్‌లూ కలవట్లేదు. ఎవాల్_నోడ్ అనే ఫంక్షన్ కింద ఉన్నదంతా కూడితే 143 శాతం చూపిస్తోంది. అలొకేటర్‌కి (మెమరీ కేటాయించే కోడ్) పెర్ఫ్ రిపోర్ట్ 31 శాతం ఇస్తే నా స్క్రిప్టు 26 ఇస్తోంది. ఇవన్నీ చాలవన్నట్టు పెర్ఫ్ స్క్రిప్ట్ ఒక్కటే 50 నిమిషాలు తింటోంది.

ఇన్‌పుట్ ఇలా ఉంది, పలికినట్టే రాస్తున్నా:

ప్రైసర్ 41870 5531.204409: 30298114 సైకిల్స్:
    558102436190 ఎవాల్_నోడ్+0ఎక్స్48 (/ఆప్ట్/ప్రైసర్)
    558102436733 ఎవాల్_నోడ్+0ఎక్స్113 (/ఆప్ట్/ప్రైసర్)
    558102430021 మెయిన్+0ఎక్స్91 (/ఆప్ట్/ప్రైసర్)

రైట్ పూల్ 2 41877 5531.204417: 30412886 సైకిల్స్:
    ...

హెడర్‌ని (ఒక్కో శాంపిల్ మొదటి లైను) పట్టుకునే పద్ధతి: రెండో ఫీల్డు అంకె అయితే హెడర్. ఫ్రేము (స్టాక్‌లో ఒక ఫంక్షన్) లైన్లో రెండో ఫీల్డే ఫంక్షన్ పేరు.

---

స్టాక్ సన్యాసి (బెంగళూరు)

తమ్ముడూ, నువ్వు పెట్టిన శాంపిల్లోనే సగం జవాబు ఉంది. రెండో హెడర్ చూడు: థ్రెడ్ పేరు "రైట్ పూల్ 2". పేరులో ఖాళీలున్నాయి, కాబట్టి రెండో ఫీల్డు "పూల్". నీ ఆక్ దాన్ని హెడర్ అనుకోదు, హెడర్ లేని స్టాక్‌ని ఖాళీ లైను దగ్గర పారేస్తుంది. పోయిన 16,482 శాంపిళ్లలో ఎక్కువ భాగం ఆ రైట్ పూల్ థ్రెడ్లవే అయ్యుంటాయి. లినక్స్‌లో థ్రెడ్ పేరు 15 అక్షరాలకి మించదు గానీ, ఆ 15లో ఖాళీలు ఎన్నైనా ఉండొచ్చు. హెడర్‌ని ఫీల్డు లెక్కతో పట్టకు. కాల్ చెయిన్‌తో (అంటే స్టాక్‌తో) ప్రింట్ చేసినప్పుడు హెడర్ లైను మొదటి కాలమ్‌లోనే మొదలవుతుంది, ఫ్రేము లైన్లు ఖాళీతో మొదలవుతాయి. ఆ తేడా ఒక్కటే నమ్ము. హాష్ గుర్తుతో మొదలయ్యేవి కామెంట్లు, దాటేయ్.

ఈ స్క్రిప్టు ఎవరు రాసినా ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఖాళీతో గానీ హాష్‌తో గానీ మొదలవ్వని, ఖాళీ కాని లైన్లు ఎన్నున్నాయో గ్రెప్‌తో లెక్కపెట్టు. అది శాంపిళ్ల సంఖ్య. మడత ఫైల్లో అంకెల మొత్తం దానితో ఒక్క శాంపిల్ తేడా లేకుండా కలవాలి. కలవకపోతే కింద వచ్చే శాతాలన్నీ దండగ. ఒక్కటే తక్కువైతే అది చివరి స్టాక్: ఫైలు చివర ఖాళీ లైను లేకపోతే అది కూడకుండా మిగిలిపోతుంది. ఖాళీ లైను దగ్గర చేసే పనిని ఒక ఫంక్షన్‌గా పెట్టి, ఎండ్ బ్లాకులో కూడా దాన్ని పిలువు. ఫ్రేములే లేని శాంపిళ్లు కూడా వస్తాయి, వాటిని పారెయ్యకుండా థ్రెడ్ పేరు ఒక్కటే కీగా కూడు.

ఇక 64 వేల లైన్లు. ఎవాల్_నోడ్+0ఎక్స్48, ఎవాల్_నోడ్+0ఎక్స్113 రెండూ ఒకే ఫంక్షన్, కానీ ఆఫ్‌సెట్ (ప్లస్ తర్వాతది, ఫంక్షన్ లోపలి స్థానం) వేరు కాబట్టి నీ స్క్రిప్టుకి రెండు వేర్వేరు పేర్లు. పది ఫ్రేముల స్టాక్‌లో ఒక్క ఆఫ్‌సెట్ మారినా కొత్త కీ పుడుతుంది. ఆఫ్‌సెట్ కోసేయొచ్చు, కానీ అసలు అడక్కపోవడం మేలు: పెర్ఫ్ స్క్రిప్ట్‌కి హైఫన్ పెద్ద ఎఫ్ ఇచ్చి కామ్ (థ్రెడ్ పేరు), టిడ్ (థ్రెడ్ నంబరు), పీరియడ్, ఈవెంట్, ఐపీ (అడ్రస్), సిమ్ (ఫంక్షన్ పేరు), డీఎస్ఓ (ఏ బైనరీలోదో) అని కావాల్సిన ఫీల్డులే రాయి. సిమ్‌ఆఫ్ అడగలేదు కాబట్టి ఆఫ్‌సెట్ రాదు. టెక్స్ట్ సైజు కూడా తగ్గుతుంది.

ఫంక్షన్ పేరు రెండో ఫీల్డు అనుకోవడం సీ ప్రోగ్రాముకి చెల్లుతుంది గానీ సీ ప్లస్ ప్లస్‌లో కొంప ముంచుతుంది. టెంప్లేట్ పేర్లలో కామా పక్కన ఖాళీ ఉంటుంది. వెక్టర్ ఫంక్షన్లన్నీ మొదటి కామా దగ్గర తెగి ఒకే పేరుగా కలిసిపోతాయి. ముందున్న ఖాళీలు, అడ్రస్ తీసెయ్, లైను చివరి బ్రాకెట్ల జత ఒక్కటి తీసెయ్, మధ్యలో మిగిలిందంతా పేరు. మొదటి బ్రాకెట్ నుంచి కోస్తే అనానిమస్ నేమ్‌స్పేస్ ఫంక్షన్లకి పేరే మిగలదు, ఎందుకంటే వాటి పేరే బ్రాకెట్‌తో మొదలవుతుంది. సర్వీసు నడుస్తుండగా ఎవరైనా బైనరీ మార్చి ఉంటే పాత్ పక్కన "డిలీటెడ్" అని బ్రాకెట్లో బ్రాకెట్ వస్తుంది. దాన్ని ముందే ఒక సబ్‌స్టిట్యూట్‌తో చెరిపేయ్.

143 శాతం సంగతి. ఎవాల్_నోడ్ తనని తాను పిలుచుకుంటుంది. ఒకే స్టాక్‌లో మూడుసార్లు ఉంటే నువ్వు మూడుసార్లు కూడుతున్నావు. ఒక్కో స్టాక్‌కి "చూసినవి" అని చిన్న ఎరే పెట్టుకో. ఆ స్టాక్‌లో పేరు మొదటిసారి కనబడితేనే కూడు, తర్వాతి స్టాక్‌కి ఎరే ఖాళీ చెయ్. ఖాళీ చెయ్యడం మర్చిపోతే మాత్రం ప్రతి ఫంక్షన్‌కీ లెక్క 1 మాత్రమే వస్తుంది. ఆకు ఫ్రేము (స్టాక్ కొసన, ఆ క్షణం నడుస్తున్న ఫంక్షన్) లెక్కకి ఈ గొడవ లేదు, స్టాక్‌కి ఆకు ఒక్కటే.

50 నిమిషాలకి కారణం నీ ఆక్ కాదు. పెర్ఫ్ ప్రతి అడ్రస్‌కీ ఇన్‌లైన్ అయిన (పిలిచినచోటే కంపైలర్ కలిపేసిన) ఫంక్షన్ల పేర్లు వెతుకుతోంది. డిస్ట్రోలు ఇచ్చే పెర్ఫ్‌లో లిబ్ బీఎఫ్‌డీ (అడ్రస్ నుంచి పేరు వెతికే లైబ్రరీ) లైసెన్సు గొడవ వల్ల ఉండదు, అందుకని బయటి యాడర్2లైన్ ప్రోగ్రామ్‌ని ఆశ్రయిస్తుంది. డబుల్ హైఫన్ నో-ఇన్‌లైన్ ఇవ్వు, వెంటనే తేడా తెలుస్తుంది. దానికి బదులు నష్టం: ఇన్‌లైన్ అయిన ఫంక్షన్ల సమయం వాటిని మింగిన ఫంక్షన్ పేరు మీద పడుతుంది. నీకు కావాల్సిన ఇరవై లైన్లకి అది చాలు. ఇంకొకటి, పెర్ఫ్ స్క్రిప్ట్‌ని ప్రతిసారీ నడపకు. ఒక్కసారి నడిపి టెక్స్ట్‌ని జీజిప్ చేసి పెట్టుకో, ఆక్ ప్రయోగాలన్నీ దాని మీద చెయ్.

చివరిది, 31కీ 26కీ తేడా. పైవి సరిచేశాక కొంత తగ్గుతుంది, అయినా పూర్తిగా పోదు. 99 హెర్ట్జ్ అని అడిగినప్పుడు కెర్నెల్ ఆ వేగం నిలబెట్టడానికి పీరియడ్‌ని (ఎన్ని సైకిళ్లకి ఒక శాంపిల్ అన్నది) మారుస్తూ ఉంటుంది. పెర్ఫ్ రిపోర్ట్ శాతాలు పీరియడ్ల మొత్తం మీద, నీవి శాంపిళ్ల సంఖ్య మీద. నీ హెడర్లో 30412886 అన్నది ఆ శాంపిల్ మోసే సైకిళ్లు. రికార్డింగ్ మొదలైన మొదటి క్షణాల్లో పీరియడ్ 1 ఉన్న శాంపిళ్లు కూడా కనబడతాయి. సంఖ్య లెక్కలో వాటికీ మూడు కోట్ల సైకిళ్ల శాంపిల్‌కీ ఒకే ఓటు. ఒకటి పెంచే చోట పీరియడ్‌ని కూడు, పెర్ఫ్ రిపోర్ట్‌తో కలుస్తుంది. రెండూ ప్రింట్ చెయ్యమంటాను నేను: శాంపిళ్లు ఎన్నో తెలియకుండా శాతం చూస్తే, మూడు శాంపిళ్ల మీద కూడా సిద్ధాంతాలు కట్టేస్తాం.

---

పాత పెర్ల్ (హెచ్ఎస్ఆర్ లేఅవుట్)

సన్యాసి గారు చెప్పినవన్నీ నిజమే, కానీ ఇన్ని గుంతలున్న రోడ్డు మీద కొత్త బండి ఎందుకు? ఫ్లేమ్ గ్రాఫ్‌లు కనిపెట్టిన బ్రెండన్ గ్రెగ్ ఫ్లేమ్‌గ్రాఫ్ రిపాజిటరీలో స్టాక్‌కొలాప్స్-పెర్ఫ్ అనే పెర్ల్ స్క్రిప్టు ఉంది. ఖాళీలున్న థ్రెడ్ పేర్లు, ఆఫ్‌సెట్లు, జావా పేర్లలో వచ్చే సెమికోలన్లు, అన్నీ చూసుకుంటుంది. గ్రాఫ్ గీయక్కర్లేదు, దాని అవుట్‌పుట్ నువ్వు కోరుకున్న మడత ఫైలే. ఒకే ఫైలు, పెర్ల్ ఉంటే చాలు, కాపీ పేస్ట్ చేసి సర్వర్ మీద పెట్టుకోవచ్చు. రస్ట్‌లో ఇన్‌ఫెర్నో అని దాని తమ్ముడు ఉంది, పెద్ద ఫైళ్ల మీద చాలా వేగం. అయితే నీ 50 నిమిషాలు పెర్ఫ్ స్క్రిప్ట్‌లో పోతున్నాయి కాబట్టి ఇన్‌ఫెర్నో వల్ల నీకు ఒరిగేది తక్కువ.

ఆ పెర్ల్ స్క్రిప్టులో గుర్తుంచుకోవాల్సింది ఒకటి: ఫైల్లో రెండు రకాల ఈవెంట్లుంటే మొదటిదాన్నే తీసుకుంటుంది, ఏది తీసుకుందో ఎర్రర్ స్ట్రీమ్‌లో ఒక్క లైను చెబుతుంది. ఎర్రర్ స్ట్రీమ్‌ని డెవ్ నల్‌కి (లినక్స్ చెత్తబుట్ట) తోసేవాళ్లకి అది కనబడదు. పన్నెండో తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌ల మీద రికార్డ్ చేసినప్పుడు పెద్ద కోర్ల సైకిల్స్ ఒక ఈవెంట్, చిన్న కోర్ల సైకిల్స్ ఇంకో ఈవెంట్. ఒక రకం కోర్ల శాంపిళ్లు మొత్తం జారిపోతాయి. సొంత ఆక్‌కి దీనికి ఎదురు జబ్బు: సైకిల్స్, కాష్ మిస్‌లు కలిపి రికార్డ్ చేస్తే రెండింటినీ ఒకే సంచిలో పోస్తుంది. ఈవెంట్ పేరుతో వడకట్టడం రెండింటికీ మందు.

సొంతంగానే రాయాలనుకుంటే టెక్స్ట్‌ని చీల్చకు. పెర్ఫ్ స్క్రిప్ట్‌కి హైఫన్ ఎస్ తో పైథాన్ ఫైలు ఇస్తే, ప్రతి శాంపిల్‌కీ ప్రాసెస్_ఈవెంట్ అనే ఫంక్షన్‌ని పిలుస్తుంది. డిక్షనరీ చేతికొస్తుంది: అందులో కామ్, శాంపిల్ కింద పీరియడ్, కాల్‌చెయిన్ కింద ఫ్రేముల లిస్టు, ఒక్కో ఫ్రేములో సిమ్ కింద పేరు. రెజెక్స్ ఒక్కటి కూడా అక్కర్లేదు, బ్రాకెట్ల బాధ లేదు. లిస్టు ఆకు నుంచి వేరు వైపు వస్తుంది, మడిచే ముందు తిప్పాలి. సిమ్ లేని ఫ్రేములు ఉంటాయి, అక్కడ డీఎస్ఓ పేరు పెట్టుకో. కూడింది ప్రింట్ చెయ్యడం ట్రేస్_ఎండ్ ఫంక్షన్లో. నీ పెర్ఫ్‌లో ఈ సౌకర్యం ఉందో లేదో పెర్ఫ్ వెర్షన్ బిల్డ్-ఆప్షన్స్ అడిగితే లిబ్‌పైథాన్ లైన్లో తెలుస్తుంది. ఆఫ్ అని ఉంటే పెర్ల్ స్క్రిప్టే గతి.

---

తరమణి టెర్మినల్ (చెన్నై)

లెక్క కలిసినంత మాత్రాన స్టాక్‌లు నిజమైనవి అయిపోవండి. దాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

మడత ఫైల్లో థ్రెడ్ పేరు తర్వాత వచ్చే మొదటి ఫ్రేము, అంటే వేరు ఫ్రేము, ఒక్కటే కోసి కూడి చూడండి. ఆరోగ్యంగా ఉన్న ప్రొఫైల్లో అక్కడ నాలుగైదు పేర్లే ఉండాలి: _స్టార్ట్, క్లోన్3, కెర్నెల్ థ్రెడ్లకి రెట్_ఫ్రమ్_ఫోర్క్, అలాంటివి. ఇలా వచ్చిందనుకోండి:

క్లోన్3 52,310
_స్టార్ట్ 9,874
ఎవాల్_నోడ్ 17,655
అన్‌నోన్ 8,573

ఎవాల్_నోడ్‌ని ఎవరూ పిలవకుండా థ్రెడ్ దానితో మొదలవ్వదు కదా. ఆ 17,655 స్టాక్‌లకి కింది భాగం తెగిపోయింది. డ్వార్ఫ్ మోడ్‌లో కెర్నెల్ ప్రతి శాంపిల్‌కీ యూజర్ స్టాక్‌లో పై 8,192 బైట్లు కాపీ చేస్తుంది, అంతే. లోతైన రికర్షన్ ఉంటే మెయిన్ దాకా అందదు. మీది రికర్షన్ ప్రోగ్రామే కాబట్టి ఇది దాదాపు ఖాయం. డంప్ సైజుని 65,528 దాకా పెంచుకోవచ్చు, కానీ 8,192 తోనే 16 కోర్లు, 99 హెర్ట్జ్ అంటే సెకనుకి 13 ఎంబీ. 60 సెకన్లకి గరిష్ఠంగా 779 ఎంబీ. మీ 740 అక్కడిదే. 32 వేలు పెట్టారంటే దానికి నాలుగింతలు, రింగ్ బఫర్ (ఫైల్లోకి రాసేదాకా శాంపిళ్లు ఆగే మెమరీ) నిండి శాంపిళ్లు రాలిపోవడం మొదలవుతుంది. పెర్ఫ్ రిపోర్ట్ స్టాట్స్ ఆప్షన్‌లో లాస్ట్ అన్న లైను చూస్తే రాలాయో లేదో తెలుస్తుంది.

నా మాట వింటే డ్వార్ఫ్ వదిలేసి ఫ్రేమ్ పాయింటర్లతో (ఒక్కో ఫ్రేము నుంచి తనని పిలిచినదాని ఫ్రేముకి దారి చూపే గుర్తులు) బిల్డ్ చెయ్యండి, జీసీసీకి నో-ఒమిట్-ఫ్రేమ్-పాయింటర్ ఫ్లాగ్. ఫైలు పదుల ఎంబీలకి దిగుతుంది. అక్కడ లోతు పరిమితి 127 ఫ్రేములు, పెర్ఫ్_ఈవెంట్_మ్యాక్స్_స్టాక్ అనే సిస్‌కంట్రోల్‌తో పెంచుకోవచ్చు. కానీ మీ కోడ్ ఒక్కటే బిల్డ్ చేస్తే సరిపోదు. ఉబుంటు ప్యాకేజీల్లో ఫ్రేమ్ పాయింటర్లు 24.04 నుంచే డిఫాల్ట్, 22.04 లైబ్రరీల్లోంచి వెళ్లే స్టాక్‌లు మధ్యలో తెగుతాయి. ఇంకో మోసం, ఇది చాలామందికి కనబడదు: మెమ్‌కాపీ లాంటి అసెంబ్లీ ఆకు ఫంక్షన్లు ఫ్రేము పెట్టుకోవు. అప్పుడు తెగదు, మెమ్‌కాపీని పిలిచిన ఫంక్షన్ ఒక్కటి మాయమై దాని పైవాడి కింద మెమ్‌కాపీ కనబడుతుంది. స్టాక్ చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, కాపీ చేసింది మాత్రం వేరేవాడు.

ఫ్రేమ్ పాయింటర్లు ఉంటే అసలు ఫైలే అక్కర్లేదు. బీసీసీలో (కెర్నెల్లో బీపీఎఫ్ ప్రోగ్రాములు నడిపే టూళ్ల సంచి) ప్రొఫైల్ అనే టూల్, ఉబుంటులో పేరు ప్రొఫైల్-బీపీఎఫ్‌సీసీ. హైఫన్ చిన్న ఎఫ్ ఇస్తే మడిచిన స్టాక్‌లే ప్రింట్ చేస్తుంది, కూడిక కెర్నెల్లోనే జరుగుతుంది. దాని డిఫాల్ట్ 49 హెర్ట్జ్, 99 కావాలంటే హైఫన్ పెద్ద ఎఫ్ తో చెప్పాలి. 100 కాకుండా 99 ఎందుకంటే, టైమర్లు 100 దగ్గర నడిచే పనులతో శాంపిలింగ్ అడుగు కలిపి నడవకుండా. బెంగళూరు సిల్క్ బోర్డ్ సిగ్నల్ సరిగ్గా ఎర్రబడే క్షణంలోనే రోజూ ఫోటో తీస్తే, ఆ జంక్షన్లో బళ్లు ఎప్పుడూ కదలవని రాసుకుంటాం. అదీ సంగతి. బీసీసీకి రూట్ కావాలి, స్టాక్‌లు దాచే మ్యాప్ 16,384 ఎంట్రీలతో వస్తుంది, నిండితే స్టాక్-స్టోరేజ్-సైజ్ పెంచాలి.

---

మడివాళ మల్టీథ్రెడ్

అందరికీ థ్యాంక్స్. రూట్ ఇస్తారు గానీ ఈ వారం రీబిల్డ్ కుదరదన్నారు, కాబట్టి పాత ఫైలు మీదే చేశా. నో-ఇన్‌లైన్ పెడితే 50 నిమిషాలు 3 నిమిషాలయ్యాయి. హెడర్ సరిచేశాక మొత్తం 88,411, ఎండ్ బ్లాకు పెట్టాక 88,412. మడత లైన్లు 64 వేల నుంచి 5,206. ఎవాల్_నోడ్ 58 శాతం. పీరియడ్ కూడితే అలొకేటర్ 31కి వచ్చింది.

వేరు ఫ్రేములు చూశా, తరమణి అన్న చెప్పినట్టే 19 శాతం స్టాక్‌లు ఎవాల్_నోడ్‌తోనే మొదలవుతున్నాయి. అవి పారెయ్యనా, ఉంచనా? వచ్చే వారం కొత్త బిల్డ్‌తో ఇంకోటి తీసి రెండూ పక్కపక్కన పెట్టాలి.

---

స్టాక్ సన్యాసి

పారెయ్యకు, మొత్తం మళ్లీ తప్పుతుంది. తెగిన స్టాక్‌లకి వేరు దగ్గర "తెగినవి" అని ఒక ఫ్రేము తగిలించు, మెయిల్లో వాటి శాతం మొదటి లైన్లోనే రాయి. ఆకు వైపు లెక్కలు, అంటే సీపీయూ ఏ ఫంక్షన్లో కాలిందన్నది, తెగిన వాటిలో కూడా సరైనవే. ఏ రిక్వెస్ట్ హ్యాండ్లర్ దాన్ని పిలిచిందన్న లెక్కే పోతుంది. ఎవాల్_నోడ్ ఎవాల్_నోడ్‌ని పిలిచిన వరసల్ని కూడా ఒక్కటిగా నొక్కేయ్. లోతు 6, లోతు 7 వేర్వేరు లైన్లుగా ఉన్నంతవరకు టాప్ ఇరవైలో ఆ ఒక్క దారే పది లైన్లు ఆక్రమిస్తుంది. స్టాక్‌కొలాప్స్-రికర్సివ్ అని దానికీ పెర్ల్ స్క్రిప్టు ఉంది.

పోలికకి డిఫ్‌ఫోల్డెడ్ వాడు. రెండు మడత ఫైళ్లిస్తే ప్రతి స్టాక్‌కీ ముందు అంకె, తర్వాత అంకె పక్కపక్కన ఇస్తుంది. ట్రాఫిక్ రెండు రోజులూ ఒకటే ఉండదు కాబట్టి హైఫన్ ఎన్ పెట్టి మొత్తాలు సమం చెయ్యి. కానీ జాగ్రత్త: ఒకటి డ్వార్ఫ్, ఇంకోటి ఫ్రేమ్ పాయింటర్ అయితే స్టాక్‌ల ఆకారమే వేరు, పూర్తి స్టాక్‌ల పోలిక చెత్త వస్తుంది. అప్పుడు ఆకు ఫంక్షన్లు మాత్రమే పోల్చు. పూర్తి పోలిక కావాలంటే పాత కోడ్‌ని కూడా ఫ్రేమ్ పాయింటర్లతో బిల్డ్ చేసి ఒక సాయంత్రం నడపాలి, వేరే దారి లేదు.

---

పాత పెర్ల్

ఇంకొక్క మాట, మేనేజరు గారు "మరి లేటెన్సీ ఎందుకు తగ్గలేదు" అని అడిగే ముందే. ఈ ప్రొఫైల్లో కనబడేది సీపీయూ మీద ఉన్న థ్రెడ్లే. లాక్ కోసమో డిస్క్ కోసమో నిద్రపోతున్న థ్రెడ్ ఒక్క శాంపిల్ కూడా ఇవ్వదు. అది చూడాలంటే డీబగ్గర్ జీడీబీని బ్యాచ్ మోడ్‌లో పెట్టి అన్ని థ్రెడ్ల బ్యాక్‌ట్రేస్ తీసుకుని, ఇదే పద్ధతిలో మడిచి, సార్ట్, యూనిక్ హైఫన్ సీ చెయ్యి. పెర్కోనా టూల్‌కిట్‌లోని పీటీ-పీఎంపీ చేసేది కూడా అదే. జీడీబీ తగిలించినంతసేపూ ప్రాసెస్ ఆగిపోతుంది, సింబల్స్ పెద్దవైతే ఆ ఆగడం సెకన్లలో ఉంటుంది. సాయంత్రం ఏడు తర్వాత లోడ్ బ్యాలన్సర్ వెనక ఉన్నవాటిలో ఒక మెషిన్‌ని పక్కకి లాగకుండా మాత్రం చెయ్యకు.